పలకరాతిలో మందారవల్లి

తోలుతిత్తిని తలకిందులుగా పట్టుకుని విభాకరుడు ఎంత దులిపినా ఒక్క చుక్క రాలలేదు. కనుచూపు మేర ఎర్రమట్టి, దాని మీద సెగలు కక్కుతున్న ఎండ. చెట్టు లేదు, పుట్ట లేదు. పక్కన ఒక గాడిద. గాడిద వీపు మీద తడిగుడ్డలు చుట్టిన రాయి. ఆ రాయిలో అతని అక్క.

కుందరపురి రాకుమారుడికి ఈ గాడిదలు తోలే బతుకు ఎందుకు వచ్చిపడిందో తెలియనివారికి చెప్పాలి. మందారవల్లి పట్టాభిషేకం రోజున శుష్కాక్షుడనే మాంత్రికుడు సన్యాసి వేషంలో వచ్చి ఒక పలకరాతి పీట కానుకగా ఇచ్చాడు. వానమబ్బు రంగు రాయి. ఏ శిల్పీ చెక్కకుండానే దాని మీద ఈకల్లాంటి సన్నటి ఆకుల అచ్చులు. ముచ్చటపడి మందారవల్లి దాని మీద కూర్చుంది. కూర్చున్నది కూర్చున్నట్టే, చెరువులో దిగినట్టు చప్పుడు లేకుండా రాతిలోకి దిగిపోయింది. సభంతా నోరు వెళ్ళబెట్టింది. మాంత్రికుడు పెట్టుడు గడ్డం తీసేసి సింహాసనం వైపు నడిచాడు. ఆ సందట్లో విభాకరుడు పీటను భుజాన వేసుకుని కిటికీలోంచి దూకాడు. సింహాసనం ఎక్కినవాడికి ముద్రిక కావాలి. ముద్రిక మందారవల్లి వేలికి ఉంది. అందుకే మాంత్రికుడికి ఆ రాయి కావాలి, విభాకరుడికి అందులోని మనిషి కావాలి.

పొలిమేరలో ఒక ముసలి తాపీమేస్త్రి అతనికి అసలు సంగతి చెప్పాడు. పలకరాయి నేలలోంచి తీసినప్పుడు పచ్చిగా ఉంటుంది. ఆ తడి ఉన్నంతకాలం పొరలు పొరలుగా విడుతుంది. ఒకసారి లోపలి తడి ఆరిపోయిందా, ఉలి విరగాల్సిందే తప్ప పొర విడదు. రాకుమారి ఏ పొరలో ఉందో ఆ పొర చెక్కుచెదరకుండా తెరవగలిగినవాళ్ళు నీలిగడప అనే ఊళ్ళో తప్ప మరెక్కడా లేరు. అక్కడికి చేరేదాకా రాయిని తడపాలి. తడి ఆరితే మందారవల్లి ఎప్పటికీ రాతిలోనే ఉండిపోతుంది.

"విభా, ఎడమవైపు ఆరుతోంది," అంది రాయి.

నీళ్ళైపోయాయని అతను నసుగుతూ చెప్పాడు. రాయి వెంటనే, పొద్దున వాగు దగ్గర తిత్తి నింపుకున్నప్పుడు గట్టిగా బిరడా బిగించావా అని అడిగింది. బిగించలేదు. ఆ సంగతి చెప్పకపోయినా ఆమెకు తెలిసింది. కొలువులో పెద్ద పెద్ద సామంతుల్ని నిలబెట్టి చివాట్లు పెట్టిన గొంతు అది. రాతిలో ఉన్నంత మాత్రాన దాని పదును తగ్గలేదు. తిత్తి గురించి మొదలైన తిట్లు అతని చిన్నప్పటి చదువు మీదికి, అక్కణ్ణించి అతను పోగొట్టిన గుర్రం మీదికి పోయాయి. విభాకరుడు అలవాటు ప్రకారం తల వంచుకుని నడిచాడు. ఆ గొంతు కిందటి రోజుకన్నా సన్నబడిందని గ్రహించినప్పుడు మాత్రం అడుగు వేగం పెంచాడు.

సరిగ్గా అప్పుడే నేల మీద ఒక నీడ పడింది. మబ్బేమో అనుకుని ఆశగా తలెత్తాడు. మబ్బు కాదు, శుష్కాక్షుడు పెంచుకునే ఎండగద్ద. పందిరంత రెక్కలు, కొలిమిలో కాల్చిన ఇనుము రంగు ఈకలు. అది రెక్క విసిరితే వడగాలి వీస్తుంది. గద్ద ఒక చుట్టు తిరిగి రాయి మీదికి దిగింది. గోళ్ళతో తడిగుడ్డలు చీల్చి, రెక్కలు టపటపలాడించింది. చూస్తుండగానే రాతి అంచు తెల్లబారసాగింది.

విభాకరుడు కర్రతో కొట్టాడు, కర్ర మాడి విరిగింది. మొలతాడున ఉన్న చురకత్తి విసిరాడు, అది ఈకల మీద గణగణమని జారిపోయింది. గాడిద పెట్టిన ఓండ్రకు మాత్రం గద్ద ఒక్క క్షణం తత్తరపడి ఒంటికాలు ఎత్తింది. ఆ క్షణం చాలు. రాయిని కట్టిన పగ్గం కొసను అతను ఉచ్చు వేసి ఆ కాలికి తగిలించాడు. అది తెలివైన పనా తెలివితక్కువ పనా అని ఆలోచించే తీరిక అతనికి లేదు. గద్ద బెదిరి పైకి లేచింది. దానితోపాటు పగ్గం లేచింది. పగ్గంతోపాటు గాడిద ముందరి కాళ్ళు లేచాయి.

ఇక చూడాలి ఆ పరుగు. గద్ద పైన, గాడిద కింద, గాడిద తోక పట్టుకుని కుందరపురి రాకుమారుడు వెనక. బీడు దాటారు, ఎండిన ఏటిగుండా ఇసుక రేపుకుంటూ పోయారు, ముళ్ళపొదల మీదుగా ఎగిరారు. నడిచి పోతే పొద్దుగూకినా దాటలేని మైదానం కాళ్ళ కింద నుంచి జారిపోయింది. "ఏం జరుగుతోంది విభా" అని రాయి అడుగుతూనే ఉంది. జవాబు చెప్పడానికి నోరు తెరిస్తే నిండా దుమ్ము. చివరికి ఒక తుమ్మచెట్టుకు పగ్గం చుట్టుకుని తెగింది. గద్ద అరుచుకుంటూ ఎండలో కలిసిపోయింది.

విభాకరుడు లేచి ముందు రాయిని తడిమాడు. పైన పొడిబారింది, అడుగున ఇంకా చల్లగా ఉంది. అతని ఒళ్ళంతా చెమటతో తడిసి ముద్దయింది. ఉత్తరీయం తీసి ఒళ్ళు తుడుచుకున్నాడు, దాన్ని రాయి మీద పిండాడు. మళ్ళీ తుడిచి మళ్ళీ పిండాడు. చెమట ఆగిపోయినప్పుడు, మళ్ళీ పట్టడం కోసం రాయి చుట్టూ పరిగెత్తాడు. గాడిద అతన్ని జాలిగా చూసింది.

"ఇవి నీళ్ళేనా?" అంది మందారవల్లి.

"నీళ్ళే అక్కా."

"ఉప్పగా ఉన్నాయి."

అతను ఉత్తరీయం మళ్ళీ పిండాడు. చాలాసేపటి దాకా ఒక్క తిట్టు కూడా వినిపించకపోయేసరికి విభాకరుడికి భయం వేసింది. తిట్టమని తానే అడిగాడు. అప్పుడు చిన్నగా, ఇకనైనా నువ్వు కాస్త నీడన కూర్చోరా అంది. తల్లి పోయాక తనను పెంచిన మనిషి నోట ఆ మాట వినగానే అతనికి ఏడుపొచ్చింది. కూర్చోలేదు. గాడిదను అదిలించాడు.

కొండ మలుపు తిరగ్గానే నీలిగడప కనబడింది.

అదొక ఊరా, వాన వెలిసిన ఆకాశం ముక్కలై నేల మీద ఆరబోసుకుందా అనిపించేలా ఉంది. ఊరంతా పలకరాయి. ఇళ్ళ కప్పులు చేప పొలుసుల్లా ఒకదాని మీద ఒకటి ఒరిగిన పలచటి రాతిరేకులతో మెరుస్తున్నాయి. కొన్ని మబ్బు రంగు, కొన్ని పావురాయి మెడ రంగు, కొన్ని లేత వంకాయ రంగు. వీధుల్లో పరిచిన పలకలు తొక్కి తొక్కి నున్నబడి, నడిచేవారి నీడల్ని లోపలికి లాక్కుంటున్నాయి. నూతి గట్లు పలకరాయి, అరుగులు పలకరాయి, పిల్లలు రాసుకునేదీ పలకరాయే. ప్రతి గుమ్మానికీ అటూ ఇటూ రెండు నిలువు పలకలు నిలబెట్టారు. ఒకే రాయిని పుస్తకంలా తెరిస్తే వచ్చిన జంట అది. ఎడమ రేకు మీద ఏ ఆకు అచ్చు ఉందో కుడి రేకు మీదా అదే ఉంటుంది, అద్దంలో చూసినట్టు తిరగబడి. సంపన్నుల ఇళ్ళలో పసుపు నలుసులు పొదిగినట్టున్న రాయి వాడారు. చూసినవాళ్ళు బంగారమనుకుంటారు. నాలుగు వానలు పడితే ఆ నలుసులు తుప్పు పట్టి, గోడ మీద ఎర్రటి చారలు కారతాయి. అందుకే నీలిగడపవాళ్ళు ఆ రాయిని పడకగదిలో తప్ప బయట పెట్టరు. పైఊరివాళ్ళకు అమ్మేటప్పుడు మాత్రం ఆ మాట చెప్పడం మర్చిపోతుంటారు.

ఊరి వాకిట కాపలావాళ్ళు గాడిదను ఆపారు. వాళ్ళ నాయకుడు గంగప్ప, బానపొట్ట మనిషి, మూటలో ఏముందని అడిగాడు. విభాకరుడు దారంతా వల్లించుకున్న మాట చెప్పాడు. తాను గాడిదలు తోలుకునేవాణ్ణనీ, ఊళ్ళో అమ్ముదామని ఒక పలకరాయి తెచ్చాననీ అన్నాడు.

కాపలావాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తర్వాత నవ్వడం మొదలుపెట్టారు. నీలిగడప పుట్టాక అందులోకి రాయి అమ్మకానికి తెచ్చిన మొదటి మనిషి ఇతనే. ఒకడు నవ్వలేక గోడకు ఆనుకున్నాడు, ఇంకొకడు పక్కింటి ఆడవాళ్ళను కూడా పిలుచుకొచ్చాడు. దారి పొడుగునా వేషం మీద పెట్టిన శ్రద్ధ వేషానికి తగ్గ అబద్ధం మీద పెట్టలేదే అని విభాకరుడు లోలోపల తిట్టుకున్నాడు. రాయి మోసుకొచ్చే రాకుమారుణ్ణి పట్టిచ్చినవాడికి మడులూ మాన్యాలూ ఇస్తానని శుష్కాక్షుడు ఊరూరా చాటింపు వేయించాడు. ఇంత తెలివితక్కువవాడు రాకుమారుడు కాడని వాళ్ళు అనుకోవడం ఒక్కటే అతని అదృష్టం.

నవ్వుతూనే గంగప్ప గుడ్డ తొలగించి రాతి అంచును చూశాడు. నవ్వు ఆగిపోయింది. మొహం గంభీరమైంది. నీలిగడపలో పుట్టినవాడు ఆరిపోతున్న పచ్చిరాయిని చూసి ఊరుకోలేడు. ఏడుస్తున్న పసిబిడ్డను చూసి తల్లి ఊరుకోలేనట్టే. అతని చెయ్యి తనంతట తానే మొలలోని వెడల్పాటి ఉలి తీసింది. రెండో చెయ్యి కొయ్యసుత్తి అందుకుంది. ఉలి అంచు రాయి నడుము మీద ఆనింది.

విభాకరుడు ఒక్క గెంతున రాయి మీద బోర్లా పడ్డాడు. తప్పుడు పొరలో ఉలి దిగితే తన అక్క రెండు ముక్కలవుతుంది. కానీ ఆ మాట చెప్పడమెలా? ఆరిపోతోందయ్యా తప్పుకో అని గంగప్ప బతిమాలుతున్నాడు, అతని కళ్ళల్లో నిజంగానే బాధ ఉంది.

"ఎవరయ్యా నువ్వు? ముందు ఆ ఉలి తియ్యి," అంది రాయి.

గంగప్ప చేతిలో సుత్తి గాలిలోనే నిలిచిపోయింది. విభాకరుడు లేచి, దుమ్ము దులుపుకుని, వెర్రినవ్వు ఒకటి నవ్వాడు. తాను పెదవులు కదపకుండా కడుపుతో మాట్లాడే విద్య నేర్చినవాణ్ణనీ, ఈ రాయి తన ఆటవస్తువనీ, ముందే చెబితే ఆటలో పస పోతుందని దాచాననీ చెప్పాడు. నిజమైతే ఆడి చూపించమన్నారు జనం.

మందారవల్లికి ఇంతకన్నా మంచి అవకాశం ఎప్పుడొస్తుంది? ఆమె మొదలుపెట్టింది. ఈ గాడిదలవాడు చిన్నప్పుడు పాఠం తప్పించుకోవడానికి ఊరగాయ జాడీలో దాక్కుని మూడు పూటలు మంటలతో ఎగిరిన సంగతి చెప్పింది. ఏనుగెక్కడం రాక ఏనుగు తొండానికి దణ్ణం పెట్టుకున్న సంగతి చెప్పింది. పెద్దల ముందు పద్యం మరిచిపోయి చివరికి జోలపాట పాడేసిన సంగతి చెప్పింది. జనం పొట్టలు పట్టుకుని దొర్లారు. విభాకరుడు చెవుల దాకా ఎర్రబడి, పెదవులు కదపకుండా ఉండటానికి నానా అవస్థ పడ్డాడు. ఆ అవస్థ చూసి, ఎంత కష్టమైన విద్యో పాపం అని జనం మెచ్చుకున్నారు. గంగప్ప కళ్ళు తుడుచుకుంటూ లేచి, తొట్టిలోంచి నిండుకుండ ముంచి రాయి మీద గుమ్మరించాడు.

"ఆట ఆటే, రాయి రాయే. ఆరనీయమాకు," అన్నాడు. "ఓబుళమ్మవ్వ కాడికి తీసుకుపో. పొర విప్పడంలో ఆమె చెయ్యే చెయ్యి."

ఓబుళమ్మ పాక ఊరి చివర, రాతి గని అంచున ఉంది. పాక వెనక తాతలనాటి నుంచి పారబోసిన రాతిముక్కలు గుట్టలై, ఏటవాలుగా లోయ దాకా జారి ఉన్నాయి. ముందు వరుసగా నీటిగుంటలు, వాటిలో మునిగి నిద్రపోతున్న పచ్చిరాళ్ళు. వాటి నడుమ బుగ్గన తాంబూలంతో ఒక ముసలమ్మ కాళ్ళు బారజాపుకుని కూర్చుని ఉంది. విభాకరుడు కడుపుతో మాట్లాడే కథ మొదలుపెట్టాడు. ఆమె విననే లేదు. వేలి కణుపులతో రాతి మీద తట్టి, చెవి ఆనించి, కళ్ళు మూసుకుంది.

"అబ్బోడా, ఈ రాయిలో మనిషుండాది," అంది. "ఆడమనిషి. కోపంగా ఉండాది."

ఇక దాచి లాభం లేదని అతను ఉన్నదంతా చెప్పేశాడు. ముసలమ్మ ఆశ్చర్యపోలేదు, భయపడలేదు. రాయి లోపలి ఆవిడతో తానే మాట కలిపింది. ఇద్దరికీ చప్పున పొత్తు కుదిరింది. మగపిల్లల్ని పెంచడం ఎంత కష్టమో రెండు వైపులా చెప్పుకున్నారు. మాటల మధ్యలోనే ఓబుళమ్మ అడగవలసినవి అడిగింది. వెలుతురు ఏ పక్క నుంచి తెలుస్తోందని అడిగితే తలవైపు నుంచి కాదు, రాతి పైముఖం వైపు నుంచి అని మందారవల్లి చెప్పింది. అంటే ఆమె రాయికి నట్టనడుమ లేదు, పైపొరలకు దగ్గరగా ఉంది.

నేరుగా ఆమె ఉన్నచోటే పొర విప్పకూడదా అని విభాకరుడు అడిగాడు. కూడదట. రాయిని ఎప్పుడూ సగానికి సగమే విప్పాలి. ఒక పక్క మందం, ఒక పక్క పలచన ఉంటే చీలిక పలచనవైపు పారిపోయి, మధ్యలోనే రేకు విరుగుతుంది. అందుకని మొదట రాయిని సగం చేసి, అక్క ఉన్న సగాన్ని మళ్ళీ సగం చెయ్యాలి. అదృష్టం బాగుంటే ఆ సగానికి నడిమిపొరే ఆమెది అవుతుంది.

ఓబుళమ్మ రాయిని పాకలోకి తెప్పించి, మోకాలికి ఆనించుకుని కూర్చుంది. ఉలి పెట్టి కొయ్యసుత్తితో తట్టింది. కొట్టినట్టు లేదు, నిద్రపోతున్నవాళ్ళను లేపినట్టుంది. అంచున వెంట్రుకంత గీత పుట్టింది, పాకింది. తడి కాగితం విడినంత మెత్తగా రాయి రెండైంది. కింది సగం ఖాళీ. పై సగంలోంచి, చల్లగాలి తగిలినట్టుంది విభా అనే మాట మునుపటికన్నా స్పష్టంగా వినిపించింది. విభాకరుడు ఆనందం పట్టలేక గాడిదను కావలించుకున్నాడు.

ఆ కావలింత విడిచేలోపు గాలి మారింది.

లోయ వైపు నుంచి వడగాలి కొట్టింది. నీటిగుంటలు బుసబుసమని పొంగి, ఆవిరై లేచి, అడుగు తేలాయి. అందులోని రాళ్ళు చూస్తుండగానే తెల్లబడ్డాయి. ఊళ్ళో కప్పుల రేకులు వేడికి టపటపమన్నాయి. జనం కేకలు వేస్తూ ఇళ్ళల్లోకి పరిగెత్తారు. ఆకాశంలో ఎండగద్ద, దాని వీపు మీద శుష్కాక్షుడు.

ఓబుళమ్మ చేతిలోని రాయి అంచులు పొడిబారుతున్నాయి. విభాకరుడు కుండ పట్టుకుని గుంట గుంటకూ పరిగెత్తాడు. బురద కూడా మిగల్లేదు. ఉత్తరీయం పిండి చూశాడు, చెమట పట్టకముందే ఆవిరైపోతోంది. రాయి లోపలి నుంచి మందారవల్లి పిలుస్తోంది, ఆ పిలుపు గోడ అవతలి నుంచి వచ్చినట్టు దూరమైంది. తర్వాత వినపడలేదు. అతను రాయి ముందు కూలబడ్డాడు. అక్కా అక్కా అంటూ పిలిచాడే తప్ప ఇంకేమీ చెయ్యలేకపోయాడు.

"ఏడుపు తర్వాతలే. తలకాయ పక్కకు తియ్యి," అంది ఓబుళమ్మ.

ఆమె తాంబూలాన్ని బుగ్గ మార్చి, నిండుగా నమిలి, ఉలి పెట్టబోయే గీత పొడుగునా ఒక్క ధారగా ఉమ్మింది. కుందరపురి రాజవంశంలో ఏ రాణికీ అంతటి అభిషేకం జరిగి ఉండదు. ఎర్రటి తడి రాయి అంచులోకి ఇంకింది. ఇంకిన మరుక్షణం ఉలి ఆనింది, సుత్తి తట్టింది. ఒక తట్టు, ఇంకో తట్టు. కిర్రుమని చిన్న చప్పుడైంది. రాయి తలుపులా తెరుచుకుంది.

లోపలి నుంచి తడిసిన చీరతో, మెడలో పట్టాభిషేకపు హారాలతో, చెంప మీద తాంబూలపు మరకతో మందారవల్లి లేచి నిలబడింది. విభాకరుడు అక్కా అని పరిగెత్తి ఆమె కాళ్ళు చుట్టేసుకున్నాడు. నల్లబడి చిక్కిపోయావేమిట్రా అని ఆమె అతని తల నిమిరింది.

"అక్కడేం చేస్తున్నావ్ విభా?" అంది వెనక నుంచి మరో గొంతు.

అతను తిరిగి చూశాడు. రెండో రేకులోంచి తడిసిన చీరతో, మెడలో పట్టాభిషేకపు హారాలతో, రెండో చెంప మీద తాంబూలపు మరకతో మందారవల్లి లేచి నిలబడుతోంది.

ఇద్దరూ ఒకరినొకరు ఎగాదిగా చూసుకున్నారు. ఇద్దరూ ఒకేసారి చెయ్యి నడుము మీద పెట్టుకుని, ఈవిడెవరని అతణ్ణే నిలదీశారు. ఒకామెకు కుడిచెంప మీద పుట్టుమచ్చ, ఇంకొకామెకు ఎడమచెంప మీద. అక్క పుట్టుమచ్చ ఏ చెంపదో విభాకరుడు ఎంత తన్నుకున్నా గుర్తు రాలేదు. పుట్టినప్పటి నుంచి ఆమె ఎదుట తల వంచుకునే నిలబడ్డాడు మరి. ఆమె పాదాలైతే చీకట్లోనైనా గుర్తుపట్టగలడు. ముద్రికా ఇద్దరి వేళ్ళకూ ఉంది.

ఓబుళమ్మ ఉలి కింద పడేసి తల పట్టుకుంది. బతుకంతా ఆమె చేసిన పనే ఇది. జంట రేకులు విప్పితే అచ్చు రెంటికీ సమంగా దిగాలి, ఒక రేకుకు ఎక్కువ ఇంకోదానికి తక్కువ అయితే పని చెడినట్టే. చేతకానివాడు ఎవడైనా విప్పి ఉంటే మనిషి ఒక రేకుకే అంటుకుని వచ్చేది. "నా చెయ్యికి అదే అలవాటు నాయనా. మరీ బాగా విప్పేసినాను," అంది దిగులుగా.

పాక ముందు గద్ద వాలింది. శుష్కాక్షుడు దిగి లోపలికి వచ్చాడు. ఎండుటాకులా గలగలమనే మనిషి. రాయి తెరిచి ఉండటం చూసి కళ్ళెర్రజేశాడు. ఇద్దరు మందారవల్లులను చూసి ఆ ఎరుపు కాస్తా తెల్లబోయింది. వాళ్ళ చుట్టూ తిరిగి చూశాడు, మంత్రం గొణిగాడు, మళ్ళీ చూశాడు. అతని పప్పులు కూడా ఇక్కడ ఉడకలేదు.

"వీళ్ళలో ఒకతి రాకుమారి, ఒకతి రాతి నీడ," అన్నాడు చివరికి. "నిజమైనదాన్ని నాకు అప్పగించు రాకుమారా. రెండోదాన్ని తీసుకుని నీ దారిన నువ్వు పో. మోసం చేశావో, నిన్నూ ఈ ఊరినీ ఇక్కడే మాడ్చి మసి చేస్తాను."

విభాకరుడు అటు చూశాడు, ఇటు చూశాడు. నీడగా పుట్టినది ఎవరైనా ఇప్పుడు నోరు మూసుకుంటే చాలు, రెండోది మాంత్రికుడి చేతికి చిక్కుతుంది. అలా నోరు మూసుకునేది ఎవరా అని అతను చూశాడు.

ఎడమవైపు ఆమె ఒక అడుగు ముందుకు వేసి తమ్ముడికి అడ్డంగా నిలబడింది. కుడివైపు ఆమె కూడా సరిగ్గా అదే అడుగు వేసింది.

"మందారవల్లిని నేను," అన్నారు ఇద్దరూ. "నన్ను తీసుకుపో. వాడి జోలికి రాకు."

ఒక్క మాట తేడా లేదు, ఒక్క క్షణం తేడా లేదు. మంత్రాలూ రాళ్ళూ విభాకరుడికి తెలియవు. కానీ తన కోసం ముందుకు పడే ఆ అడుగు తెలుసు. అది చిన్నప్పుడు పాము ముందు పడింది, జబ్బు ముందు పడింది, తండ్రి కోపం ముందు పడింది. ఆ అడుగు ఇద్దరిదీ అయినప్పుడు ఇక ఏరుకోవడానికి ఏముంది?

"ఇద్దరూ మా అక్కే," అన్నాడు. "ఇద్దరిలో ఎవర్నీ ఇవ్వను."

శుష్కాక్షుడు చెయ్యెత్తాడు. ఆ చెయ్యి దిగేలోపు ఓబుళమ్మ పాక మూలనున్న కర్ర మేకును లాగేసింది. కప్పు అంచున ఉన్న రాతిరేకుల వరుసంతా ఆ మేకు మీదే ఆగి ఉంది. కింది వరుస జారింది, దాని మీద ఒరిగిన పై వరుస జారింది, ఆపైదీ జారింది. ఆ వైపు కప్పుకు కప్పే గలగలా మాంత్రికుడి నెత్తిన దిగింది. గద్ద కేక వేసి పైకి లేచింది. ముసలమ్మ గుమ్మం కోసం తీసి ఉంచిన పొడుగాటి పలకను కాలితో వెనకవైపు వాలులోకి తోసి, ఎక్కండని చెయ్యూపింది. తన సంగతి అడగబోయిన విభాకరుణ్ణి నెట్టేసింది. ఊరంతా ఉలులు పట్టుకుని అప్పటికే పాక వైపు వస్తోంది. ముందు గంగప్ప పొట్ట కనబడుతోంది.

ముగ్గురూ పలక మీద కూలబడ్డారు. తాతలనాటి రాతిముక్కల గుట్ట మీద పలక పాములా బుసకొట్టుకుంటూ జారింది. జారుతున్నకొద్దీ వేగం పెరిగింది. రాతిపెళ్ళలు వానజల్లులా ఎగిరి పడుతున్నాయి. గాడిద ఒక్క క్షణం ఒడ్డున నిలబడి ఆలోచించి, తనూ కూలబడి వెనకాలే జారడం మొదలుపెట్టింది. పైన గద్ద నీడ దగ్గరపడింది. కుడిపక్క నుంచి ఒక చెయ్యీ ఎడమపక్క నుంచి ఒక చెయ్యీ ఒకేసారి విభాకరుడి తలను కిందికి నొక్కాయి. గోళ్ళు అతని జుట్టును రాసుకుంటూ పోయాయి.

ఎదురుగా గుట్ట అయిపోయింది. దాని అవతల గాలి, గాలి కింద లోయ, లోయ అడుగున ఎక్కడో నీటి మెరుపు. ఎడమవైపు అక్క ఎడమకు వంగమని అరిచింది. కుడివైపు అక్క కుడికి వంగమని అరిచింది. విభాకరుడు పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి అక్క మాట వినలేదు. తలెత్తి, ఇద్దరి చేతులూ గట్టిగా పట్టుకుని, పలకను నేరుగా ముందుకే, ఆ నీటి మెరుపు వైపే పోనిచ్చాడు.